బూడిద మీద జాడలు

వీధి తలుపు దగ్గరగా వేసి సుబ్బరాయుడు వంటింటి గడప మీద కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. లోపలికి ఎండ తగలాలని మునిసిపాలిటీ వాళ్లు కప్పు మీద పెంకులు అక్కడక్కడా దించి పోయారు. ఆ సందుల్లోంచి వెలుతురు పలకలు పలకలుగా నేల మీద పడుతోంది. నేలంతా బూడిద. పొయ్యి బూడిదను జల్లెడ పట్టి, పిండిలాగా మెత్తగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆయనే పరిచాడు. దాని మీద ఇప్పుడు ఏ గుర్తూ లేదు. పొద్దున ఉన్న గుర్తుల్ని ఆయనే విసనకర్రతో చెరిపేశాడు. చీకటి పడేలోగా ప్రాణమున్న ఎలుక ఒకటి ఈ బూడిద మీద నడవాలి. నడిస్తే ఇల్లు మంచిదైనట్టు. రేపు పొద్దున బండికి ధర్మవరం వెళ్లి కూతుర్ని తెచ్చుకుంటాడు. నడవకపోతే కమలాక్షి ఇక ఆయన కూతురు కాదు.

ఆ మాట అన్నది చనిపోయిన భార్యకు అక్క, వెంకటలక్ష్మమ్మ. కోపంగా అనలేదు. పిల్లను దిగబెట్టిన రోజు ధర్మవరంలో ఆమె తన ఇంట్లో పట్టు నూలు చుట్టుకుంటూ, రాట్నం తిప్పే చెయ్యి ఆపకుండానే చెప్పింది. బడులు తెరిచేలోగా ఇల్లు బాగైతే వచ్చి తీసుకుపొమ్మంది, కాకపోతే పిల్లను తనకు వదిలిపెట్టమంది. "తల్లి లేని పిల్లను ఒక పూట ఆడ, ఒక పూట ఈడ తిప్పితే అది ఎవురికీ కాకుండా పోతాదప్పా" అంది. అందులో తప్పేముంది? ఆమెకు ఇద్దరూ మగపిల్లలే. కమలాక్షి అప్పటికే మగ్గం గుంత అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, తెగిన పట్టుపోగులు ఏరి బొమ్మకు జడ అల్లుతోంది. ఆయన పోయొస్తానంటే తల ఎత్తి చూసి మళ్లీ జడలో పడిపోయింది. ఏడ్చి ఉంటే బాగుండేది. స్టేషన్ దాకా నడిచినంత సేపూ ఆయన అదే అనుకున్నాడు, ఏడ్చి ఉంటే బాగుండేదని. బడి ఎల్లుండి తెరుస్తారు.

ఎంత నిశ్శబ్దంగా ఉంది వీధి. దంచే చప్పుడు లేదు, నీళ్ల బిందెల చప్పుడు లేదు, కుక్క కూడా లేదు. మనుషుల వెంటే కుక్కలూ గుడిసెలకు పోయాయి. హిందూపురంలో ప్లేగు వచ్చి ఎలుకలు పడ్డాయంటే ఊరు ఊరంతా తాళాలు వేసుకుని పరిగి దారి చేలల్లో గుడిసెలు వేసుకోవడం కొత్త కాదు. తిరిగి ఎప్పుడు రావాలన్నది మాత్రం డాక్టరు చెప్పినా, తప్పెట కొట్టి చాటింపు వేసినా ఎవరూ నమ్మరు. గుడిసె పొయ్యిలోని బూడిద గంపకెత్తి తెచ్చి, మూసి ఉన్న ఇంట్లో పరిచి, తాళం వేసి, మర్నాడు వచ్చి చూసుకుంటారు. బతికున్న ఎలుక తిరిగిన జాడ పడితే జబ్బు పోయిందని లెక్క. ఏడాదంతా బోను పెట్టి, పిల్లిని సాకి, కర్ర పట్టుకుని తరిమిన ప్రాణి కోసం ఊరంతా అప్పుడు మొక్కుకుంటుంది. చిన్నప్పుడు అవ్వ ఇలాగే బూడిద పరిచి, కిటికీలోంచి తొంగి చూసి రమ్మని అన్నదమ్ములిద్దరినీ పంపేది. తనకు కిటికీ అందేది కాదు. అన్న పెద్దప్ప భుజాల మీదికి ఎక్కించుకునేవాడు. ఆ భుజాల మీది నుంచి చూస్తే లోకంలో భయపడాల్సింది ఏదీ ఉన్నట్టు తోచేది కాదు.

ఆ భుజం. ఎడమదా, కుడిదా, వాచింది? ఎడమదే. పెనుకొండ కోర్టులో పని ఉందని చెప్పి అన్నా వదినా పొద్దున బండికి పోయి సాయంత్రానికి వచ్చారు. అన్నకు చెయ్యి పైకి లేవడం లేదు. ఒళ్లు కూడా కొంచెం వేడిగా ఉంది. ఏమైంది బావా అని తన భార్య అంజనమ్మ అడిగితే జట్కా దిగుతూ పడ్డానన్నాడు. ఆమె ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి, ఆ చేతికి తనే కాపడం పెట్టింది. నొప్పిగా ఉందా బావా, ఇంకొంచెం వేడి చెయ్యనా అని అడుగుతూ పెట్టింది. సుబ్బరాయుడు అక్కడే కూర్చుని పిల్లల పలకలు దిద్దుకుంటున్నాడు. తనకు కనిపించింది వాచిన చెయ్యే. పెనుకొండ ఆసుపత్రిలో ప్లేగు సూది వేయించుకుంటే చెయ్యి అలాగే వాస్తుందని తెలియనివాడా తను? ప్రతి ఏడూ బడి పిల్లల్ని వరసగా నిలబెట్టి వేయించే మనిషికి తెలియదా? తెలిసే ఉండాలి. కానీ చూస్తున్నది అన్న చేతిని. అన్న చేతిలో అబద్ధం ఉంటుందని ఎవరు వెతుకుతారు.

ఇవన్నీ ఆయనకు తెలిసింది అంతా అయిపోయాక. అంజనమ్మ పదో రోజు కర్మ జరిగిన నాడు వదిన మారక్క గుడిసె బయట చీర కొంగు నోట్లో కుక్కుకుని చెప్పింది. అన్నకు బెల్లం మండీ ఉంది. తండ్రి కట్టిన ఇల్లు నడిమి గోడతో రెండయింది, అటు సగంలో అన్న సంసారమూ బెల్లం కొట్టూ, ఇటు సగంలో తను. కొట్లో దిమ్మెల వెనక ఎలుక చచ్చి పడింది. సూర్యుడు లేవకముందే పెద్దప్ప దాన్ని పటకారుతో పట్టుకుని పెరట్లో చింతపొట్టు మంటలో వేశాడు. మర్నాడు ఇంకొకటి. చెబితే వీధి మూసేస్తారు, కొట్టుకు సీలు వేస్తారు. స్టేషన్‌లో మిలిటరీ వాళ్ల కోసం వ్యాగన్లు నిలబడి ఉన్నాయి, యుద్ధం రోజుల బేరం మళ్లీ రాదు. వ్యాగన్లు కదిలేదాకా గుట్టుగా ఉందామన్నాడట. మొగుడు పెళ్లాలిద్దరూ పెనుకొండ పోయి సూదులు వేయించుకున్నారు. ఊళ్లో వేయించుకుంటే ఎందుకని అడుగుతారు కదా. గోడకు ఇవతల ఉన్నవాళ్లకు చెప్పలేదు. చెబితే తమ్ముడు ఊరుకోడు, బడి ఉన్నవాడు, పిల్లలున్న చోటు, వెంటనే పోయి ఆఫీసులో చెప్తాడు అనుకున్నారట. అన్నకు తమ్ముడి సంగతి బాగా తెలుసు. ఆ తెలిసిన తెలివే అంజనమ్మను తీసుకుపోయింది. తమ్ముడు ఇంకొంచెం చెడ్డవాడై, రహస్యం దాచగలవాడై ఉంటే ఆమె బతికేదేమో. ఇదేం లెక్క, ఎవరు పెట్టిన లెక్క ఇది.

ఆ రోజుల్లోనే గోడకు ఇవతల అంజనమ్మ ఒక ఎలుకను రుబ్బురోలు పక్కన చూసింది. అది పారిపోలేదు, తాగినవాడిలా తూలుతూ తన చుట్టూ తానే తిరిగిందని, చూస్తే పాపం అనిపించిందని చెప్పింది. ఎవరో మందు పెట్టినట్టుందని చీపురుతో చాటలోకి ఎత్తి దిబ్బలో పారేసి వచ్చింది. పాపం అంది. ఆమె మాటలన్నిటిలోకీ ఆ మాటే ఇప్పుడు చెవిలో ఉండిపోయింది. ధర్మవరం పిల్ల కదా, పట్టు ముట్టుకున్న వేళ్లు, ఏదైనా మెత్తగానే పట్టుకుంటాయి. పెళ్లయిన కొత్తలో ఆయనకు పెనుకొండలో ఉద్యోగం. కొండ నీడ తొందరగా ఇంటి మీద పడేది, బయట ఇంకా పొద్దుండగానే ఆమె దీపం వెలిగించేది. ఈ ఊళ్లో పొద్దు కూడా జీతానికి పనిచేస్తున్నట్టుంది, సగం పూటకే ఇంటికి పోతుంది అని నవ్వేది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నోరు నవ్వబోతుంది. నవ్వబోయి ఆగుతుంది. జ్వరం వచ్చిన రోజు కూడా ఆమెకు భయం లేదు, తొడ మొదట్లో గడ్డ లేచిందని చెప్పడానికి సిగ్గుపడి ఒక పూట దాచింది. లాల్‌సాబ్ జట్కా ఒక్కటే ఆ వీధిలోకి వచ్చింది. ఊరి బయటి ప్లేగు షెడ్డుకు తీసుకుపోతుంటే, పాలకు తోడు వేశానా, మూత పెట్టానా అని అడిగింది. పెట్టావు అన్నాడు. చూడలేదు, అయినా పెట్టావు అన్నాడు. తన నోటి నుంచి ఆమె విన్న చివరి మాట అదే. అదీ నిజం కాదు.

వెలుతురు పలక ఒకటి గోడ ఎక్కుతోంది. బూడిద నున్నగా ఉంది, ఎవరూ రాయని పలకలాగా. పొద్దున అలా లేదు. పొద్దున పెద్దప్ప గుడిసె దగ్గరికి వచ్చి, దూరంగా నిలబడి, మొహం చూడకుండా, "జాడలు పడినాయి సుబ్బరాయా, మీ తట్టూ మా తట్టూ. పోయి చూసుకో" అన్నాడు. పదో రోజు నుంచీ అన్నతో మాటలు లేవు. కానీ కాళ్లు ఆగలేదు. దారి పొడుగునా పరుగులాంటి నడక. తాళం తీసి తలుపు నెట్టి, బూడిద మీద గోడ దగ్గర నుంచి రుబ్బురోలు దాకా సాగిన ఆ చిన్న చిన్న గుర్తులు చూసి, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయనకు ఇల్లంతా కమలాక్షి కాళ్ల చప్పుడు వినిపించింది. జడకు పెట్టిన కుచ్చు, మోకాలి మీద మచ్చ, చల్ది తిన్న మూతి, అన్నీ వచ్చి ఎదుట నిలబడ్డాయి. ఆ క్షణాన్ని తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఎందుకంటే ఆ తరువాత ఆయన కూర్చుని చూశాడు. చూడటం ఆయన పని. పక్కవాడి పలక చూసి దించిన లెక్కను పట్టడం ఆయన పని. ఏ ఎలుకా గది నడుమ నుంచి నడవదు, గోడ పట్టుకుని పోతుంది. ఇవి గది నడుమ నుంచి తిన్నగా పోయాయి. అడుగుకూ అడుగుకూ ఎడం ఒకటే. తోక గీత దారం లాగి కొట్టినట్టుంది. తలుపు మూలన చీపురు పుల్ల ఒకటి పడి ఉంది, దాని కొనకు బూడిద. ఈ ఇంటికి తాళం చెవులు రెండే. ఒకటి తన మొలతాడుకుంది. రెండోది మొదటి నుంచీ అన్న దగ్గరే.

అన్న మొదటిసారి చచ్చిన ఎలుకను దాచాడు, రెండోసారి లేని ఎలుకను పుట్టించాడు. విసనకర్రతో ఆయన గుర్తులన్నీ ఒక్కటీ మిగలకుండా చెరిపేశాడు. చెరిపి, మళ్లీ సమంగా పరిచి, గోడ వారగా నాలుగు వేరుశనగ గింజలు వేసి, ఇక ఎవరి మాటా వద్దు, తన కళ్లతో తానే చూస్తానని కూర్చున్నాడు. ఎందుకు గీశాడన్నది ఒక్కటే తెగడం లేదు. ఒక వీధి తెరుచుకుంటే మండీ తెరుచుకుంటుంది, అందుకా. అలాగే అయితే నేరం సులువుగా ఉంటుంది, అసహ్యించుకోవడం సులువుగా ఉంటుంది. కానీ అన్నకు పిల్లల్లేరు. కమలాక్షికి పాలపళ్లు వచ్చినప్పటి నుంచీ కొత్త బెల్లం దిమ్మె కొట్టినప్పుడల్లా మొదటి పలుకు దాని నోట్లోనే పెట్టేవాడు. పెదనాయనా అని అది గోడ ఇవతల నుంచి పిలిస్తే మండీలో బేరం మధ్యలో వదిలేసి పలికేవాడు. ఆ పిల్ల రావాలని గీశాడా. వచ్చి, ఇంకా విషం ఆరని ఇంట్లో పడుకుని, మర్నాడు జ్వరంతో లేస్తే? అది ఆలోచించలేదా. పిల్లను రప్పించుకోవడానికి పిల్లనే పణం పెడతారా ఎవరైనా. ప్రేమతో గీసినా పాపం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. గుండెలో ఇంత బరువుంటే మనిషి కూర్చోగలడా అని ఆయనకే ఆశ్చర్యంగా ఉంది. కూర్చునే ఉన్నాడు.

పోనీ ఎలుక రాకపోతేనేం. పై అధికారులను అడిగి రొళ్లకో రొద్దానికో బదిలీ చేయించుకుంటాడు. అక్కడ ఎవరి ఇంట్లోనో ఒక గది. కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడే పిల్లలు. పొద్దున ప్రార్థన, సాయంత్రం గంట, మధ్యలో ఎక్కాలు. ఏడాదికి ఒకసారి ధర్మవరం పోయి చూస్తే, పెరిగిన ఒక పిల్ల తలుపు చాటున నిలబడి, వచ్చింది ఎవరని వెంకటలక్ష్మమ్మను అడుగుతుంది. బతకాలని పట్టుదల లేదు, చచ్చిపోవాలన్న తొందరా లేదు. మనిషిని నమ్మే చోటు ఒకటి ఒంట్లో ఉంటుంది కాబోలు, అది కాలిపోతే నొప్పి కూడా ఉండదు. తిమ్మిరిగా ఉంటుంది. ఇప్పుడు కుడి కాలు అలాగే ఉంది. గడప అంచు పిక్కను కోస్తోంది. కదలకూడదు.

వెలుతురు గోడ మీది నుంచి కప్పు దూలానికి ఎక్కి, పసుపు పోయి ఎరుపై, ఎరుపు పోయి బూడిద రంగైంది. నేలకూ బూడిదకూ తేడా తెలియడం మానేస్తోంది. అప్పుడు ధాన్యం తొట్టి కింద ఏదో కదిలింది. ఆయన ముందు నమ్మలేదు. కంటికి కావలసింది కన్నే పుట్టించుకుంటుంది. తరువాత మీసాలు కనిపించాయి. ముక్కు. ఆగింది. బక్కచిక్కిన చిన్న ఎలుక, వెన్ను మీద బొచ్చు నున్నగా ఉంది. గోడ వారగా రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ వచ్చింది. ఒక గింజ తీసుకుని రెండు చేతుల్లో పట్టుకుని తిప్పి తిప్పి కొరికింది. ఆ కొరికే చప్పుడు. అంత చిన్న చప్పుడు ఇల్లంతా నిండింది. తూలుతుందా అని ఆయన చూశాడు. ఊపిరి బిగబట్టి, అంజనమ్మ చెప్పిన ఆ తూలుడు ఎక్కడైనా ఉందా అని ఒక్కొక్క అడుగూ చూశాడు. లేదు. అది మూతి తుడుచుకుంది. బూడిదలోకి దిగి, నచ్చక, కాలు విదిలించుకుని, పక్కకు తిరిగి, తోకను వంకరటింకరగా ఈడ్చుకుంటూ రెండో గింజ దగ్గరికి పోయింది. వీధిలో అడుగుల చప్పుడు అయింది. ఎలుక ఒక్క ఎగురు ఎగిరి, నిలువు గోడ పట్టుకుని పాకి, పెంకుల సందులో కలిసిపోయింది. జబ్బు ఎలుక అలా ఎగరలేదు. జబ్బు ఎలుక గోడ ఎక్కలేదు. ఆయన ముక్కు మీదికి తడిగా ఏదో జారింది. తుడుచుకోలేదు.

అడుగులు తలుపు బయట ఆగాయి. తలుపు నెట్టలేదు.

"సుబ్బరాయా, లోపల ఉండావా."

గొంతు పెద్దప్పది.

"మాట్లాడొద్దులే. ఇను చాలు. పొద్దున నువ్వు చూసినవి నేను గీసినవి. మా తట్టు ఏం పడలే, మీ తట్టూ ఏం పడలే. చీపురు పుల్లతో గీసినా. పాపను తేవొద్దు." కాసేపు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "పాప వస్తే నువ్వు ఆ గుడిసె ఇడిసి ఇంటికొస్తావు అనుకుంటి. అన్నం తింటావు అనుకుంటి. గీసేటప్పుడు అంతే తోచినాది. నువ్వు పోయినాక భయమెత్తుకున్యాది. మధ్యాన్నం నుంచి స్టేషన్ కాడ్నే నిలబడుకోనుండా, నువ్వు బండెక్కితే పట్టి దించుదామని. బండి పాయ, నువ్వు రాలే. చిన్నదానికి ఏమన్నా అయితే... అంజనమ్మ నా చేతికి కాపడం పెట్టినాది సుబ్బరాయా. అడిగినాది గూడా, నొప్పి ఉండాదా బావా అని. అప్పుడన్నా చెప్పలేకపోతి."

తలుపుకు అటువైపు మనిషి కిందికి జారి కూర్చున్నట్టు చప్పుడైంది. చెప్పాల్సిన రోజు చెప్పని మనిషి ఈ రోజు అడగకుండా వచ్చి చెబుతున్నాడు. దీన్ని ఎక్కడ పెట్టాలో సుబ్బరాయుడికి తెలియలేదు. దీనితో ఆమె లేచి రాదు. చింతపొట్టు మంట ఆరదు, ఆ చేతి వాపు వెనక అబద్ధం మారదు. ఇప్పుడు తను పలకకుండా కూర్చుంటే చాలు. అన్న ఈ ఊళ్లో ఇంకెన్నాళ్లు బతికితే అన్నాళ్లూ ఆ తలుపు బయటే ఉండిపోతాడు. అది న్యాయమే. న్యాయమని తోచిన ఆ నిమిషంలోనే చెవిలో మళ్లీ ఆ గింజ కొరికిన చప్పుడు. రేపు ఈ నేల మీద ఒక పిల్ల పరుగెత్తుతుంది. ఆ పిల్ల గోడ అవతలికి పెదనాయనా అని పిలుస్తుంది. ఎవరు పలకాలి.

కాలు కూడదీసుకుని లేచాడు. తిమ్మిరి పట్టిన కాలు సూదులతో గుచ్చినట్టుంది. గోడ పట్టుకుని నడిచి తలుపు తీశాడు. పెద్దప్ప లేవబోయి లేవలేకపోయాడు. స్టేషన్ దుమ్ము మొహాన అలాగే ఉంది. మొహం కొంత కాలంగా చూడనే లేదు కాబోలు, ముసలివాడైపోయాడు.

"గోడ పక్కనే రా. బూడిద తొక్కొద్దు" అన్నాడు సుబ్బరాయుడు.

ఇద్దరూ తొట్టి దగ్గర వంగి చూశారు. మిగిలిన వెలుగు తక్కువ, అయినా కనిపిస్తోంది. గోడ వార నుంచి వచ్చి, వెనుదిరిగి, మళ్లీ వచ్చి, ఒకచోట బూడిద చిమ్మి, వంకర తోకతో పోయిన జాడ. పక్కన రెండు ముక్కలైన వేరుశనగ పొట్టు. పెద్దప్ప వేలు చాచి, తాకకుండా వెనక్కి తీసుకున్నాడు. పెదవులు కదిలాయి. ఇది నేను గీసింది కాదు అని తనకు తానే చెప్పుకున్నాడు, ఎవరో నమ్మరేమోనన్నట్టు.

"కాదు" అన్నాడు సుబ్బరాయుడు. దాని వెంట అన్నా అనే పిలుపు రాలేదు. రప్పించాలని ఆయన ప్రయత్నించలేదు. తాళం చెవి మొలతాడు నుంచి విప్పుతూ, బయటి చీకటి వైపు చూస్తూ, ఒక్కొక్క మాటా ఏరి చెప్పాడు.

"పొద్దున బండికి ధర్మవరం పోతాండా. పాప మీ ఇంటికి వస్తాది, పోతాది, నేను అడ్డం రాను. నువ్వు దాచిన సంగతి దానికి నేను చెప్పను. పెద్దదయినాక నువ్వే చెప్పాల."